చవకైన ఎయిర్‌బ్రష్ ఎంచుకోవడం: స్కేల్ మోడల్ కట్టేవారికి సమగ్ర మార్గదర్శి

ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే పరికరం) కొనాలనుకున్నవాళ్ల కళ్లు ముందు బ్రష్ మీదే పడతాయి. జపాన్‌దా, చైనాదా, సూది 0.2 మి.మీ. ఉండాలా, 0.3 ఉండాలా అని వారాల తరబడి తర్జనభర్జన పడి, ఉన్న డబ్బులో ముప్పావు వంతు దానికే పెట్టేస్తారు. మిగిలిన చిల్లరతో, గాలిని అందించే కంప్రెసర్ ఏదో ఒకటి తెచ్చుకుంటారు. చేయాల్సింది దీనికి పూర్తిగా తలకిందులు. గాలి పొడిగా, నిలకడగా, మీరు పెట్టిన పీడనంలోనే అందితే మామూలు బ్రష్ కూడా నున్నగా రంగు వేస్తుంది. గాలి తడిగా, ఎగుడుదిగుడుగా వస్తే ఎంత ఖరీదైన బ్రష్ అయినా చుక్కలే కక్కుతుంది. అందుకని డబ్బు ఇలా పంచుకోండి: సగం, వీలైతే అంతకు కాస్త పైగా గాలికి (అంటే కంప్రెసర్‌కు), మూడో వంతు లోపు బ్రష్‌కు, మిగిలింది విడి భాగాలకు, శుభ్రం చేసే సామానుకు, రెస్పిరేటర్‌కు (తుంపర, ఆవిరి పీల్చకుండా పెట్టుకునే మాస్కు). ఆ చివరి మూడూ చాలామంది లెక్కలోకే రావు. తీరా పని మొదలయ్యాక ఆగిపోయేది వాటి దగ్గరే.

1. మీరు కట్టే మోడళ్ల సైజు తేల్చుకోండి

బ్రష్ ఎంపిక మీ అలమరలో ఉన్న కిట్ల నుంచి మొదలవ్వాలి. తేజస్ రెక్కల వెడల్పు 8.2 మీటర్లు, పొడవు 13.2 మీటర్లు. 1/72 స్కేల్లో, అంటే అసలు దానికి 72వ వంతులో, అది సుమారు 11.4 సెం.మీ. వెడల్పు, 18.3 సెం.మీ. పొడవు, 1/48లో 17 సెం.మీ., 27.5 సెం.మీ. మన సైన్యం అజేయ అని పిలిచే టీ-72 ట్యాంకు 1/35లో తుపాకీ గొట్టం వదిలేస్తే దాదాపు 20 సెం.మీ. ఈ మూడింటికీ ఒకే బ్రష్ చాలు. 262 మీటర్ల ఐఎన్ఎస్ విక్రాంత్‌ను 1/350లో కడితే మాత్రం 75 సెం.మీ. అవుతుంది. ఆ డెక్‌ను చిన్న నాజిల్‌తో (రంగు చిమ్మే కొస) నింపబోతే ఒక చివర తడి ఆరకముందే రెండో చివరకు చేరలేరు, చారలు పడతాయి. దానికి వెడల్పు నాజిల్ కావాలి.

రెండో ప్రశ్న, ఎలాంటి కామఫ్లాజ్ (శత్రువు కంటపడకుండా వేసే రంగులు) వేస్తారు? బూడిద రంగు ఒకటో రెండో ఉండే యుద్ధ విమానాలకు గీత సన్నదనంతో పెద్ద పని లేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ మెసర్‌ష్మిట్ 109 పక్కలకు ఉండే మచ్చల సంగతి వేరు. అసలు విమానం మీద 30 సెం.మీ. ఉన్న మచ్చ 1/72లో 4 మి.మీ. చుక్క అవుతుంది, దాని అంచు కూడా మెత్తగా కరిగిపోవాలి. అలాంటివి ఇష్టమైతే ట్రిగ్గర్ మృదువుగా కదిలే బ్రష్ మీద కాస్త ఎక్కువ పెట్టడం దండగ కాదు. మిగతావాళ్లకు అది తొందరపాటు ఖర్చే.

2. రకం: ఇక్కడ ఎక్కువ ఆలోచించనక్కర్లేదు

డ్యూయల్ యాక్షన్, గ్రావిటీ ఫీడ్, ఇంటర్నల్ మిక్స్. ఈ మూడు మాటలూ ఉన్నదే కొనండి.

డ్యూయల్ యాక్షన్ అంటే ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. రెండూ మీ వేలి చేతిలోనే ఉంటాయి. సింగిల్ యాక్షన్‌లో నొక్కగానే రెండూ కలిసి వస్తాయి, రంగు ఎంత రావాలో ముందే మర తిప్పి పెట్టుకోవాలి. ప్రైమర్ (రంగు కింద వేసే పునాది పొర), వార్నిష్‌లకు అది సరిపోతుంది, పాశ్చే హెచ్ లాంటి పాత కాలపు మోడళ్లు మొండిగా దశాబ్దాలు నడుస్తాయి కూడా. కానీ కొనే ఒక్క బ్రష్ అదే అయితే ఏడాది తిరక్కుండానే ఇంకోటి కొంటారు.

గ్రావిటీ ఫీడ్‌లో కప్పు పైన ఉంటుంది, రంగు తన బరువుతోనే కిందికి దిగుతుంది. అందువల్ల 12–15 పీఎస్‌ఐ (పీడనానికి కొలత) లాంటి తక్కువ పీడనంలో కూడా పని జరుగుతుంది, నాలుగైదు చుక్కల రంగు చాలు. కింద సీసా ఉండే సైఫన్ రకం రంగును పైకి పీల్చుకోవాలి, దానికి ఎక్కువ పీడనం కావాలి, సీసా అడుగున ఎప్పుడూ కొంత రంగు మిగిలిపోతుంది. దిగుమతి రంగు సీసా ఒక్కోటి ఎంత పడుతుందో తెలిసినవాళ్లకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. ఇంటర్నల్ మిక్స్ అంటే గాలి, రంగు బ్రష్ లోపలే కలుస్తాయి.

కప్పు 7 నుంచి 10 మి.లీ. మధ్య, మూతతో ఉండాలి. 2 మి.లీ. కప్పు ముద్దుగా కనిపిస్తుంది కానీ ఒక 1/48 విమానానికి నాలుగు సార్లు నింపాలి. నింపిన ప్రతిసారీ రంగు పలుచన కాస్త మారిపోతుంది.

పిస్టల్ ట్రిగ్గర్ రకం వేళ్ల నొప్పులు, కీళ్ల వాతం ఉన్నవారికి నిజంగా మేలు. అందులో చాలావరకు గాలి ముందు, రంగు తర్వాత వస్తాయి కాబట్టి నేర్చుకోవడం కూడా తేలిక. సన్న మచ్చల పనిలో మాత్రం వేలికి అంత పట్టు దొరకదు.

3. నాజిల్: సైజు కన్నా కట్టుబడి ముఖ్యం

సైజు సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. 0.3 లేదా 0.35 మి.మీ. మొదటి బ్రష్‌కు సరైన కొలత. 0.5 ప్రైమర్లు, వార్నిష్‌లు, పెద్ద ఓడలు, 1/24 కార్ల బాడీలకు. 0.2 చాలా సన్న పనికి. దాని కంత ఎంత చిన్నదంటే సరిగా కలపని అక్రిలిక్ రంగులో ఒక్క పలుకు చాలు మూసుకుపోవడానికి. 0.2 కొంటే సన్న గీత దానంతట అదే వస్తుందనుకోవడం పెద్ద అపోహ. గీత సన్నదనాన్ని తేల్చేవి రంగు పలుచన, పీడనం, కాగితానికి బ్రష్‌కు మధ్య దూరం. ఇవి కుదిరితే 0.3 నుంచి పెన్సిల్ గీతంత సన్న గీత వస్తుంది.

చవక బ్రష్ కొనేటప్పుడు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: నాజిల్ బాడీకి ఎలా అమరుతుంది?

ఒక రకంలో నాజిల్ వెనక బియ్యపు గింజంత మర ఉంటుంది, దాన్ని చిన్న స్పానర్‌తో బిగించాలి. చైనాలో తయారై పదుల పేర్లతో అమ్ముడయ్యే, 130 నంబరుతో వచ్చే బ్రష్‌లన్నీ ఈ రకమే. ఇవాటా నియో సీఎన్ కూడా ఇంతే. ఇందులో ప్రమాదం ఒక్కటే, పావు చుట్టు ఎక్కువ బిగిస్తే మర తెగి ముక్క బాడీలోనే ఉండిపోతుంది. దాన్ని తీయడం మామూలుగా ఇంట్లో అయ్యే పని కాదు.

రెండో రకంలో నాజిల్‌కు మర ఉండదు. అలా కూర్చోబెట్టి పైన క్యాప్ బిగిస్తే తనంతట తానే మధ్యలోకి సర్దుకుంటుంది. ఇవాటా ఎక్లిప్స్ హెచ్‌పీ-సీఎస్, బ్యాడ్జర్ పేట్రియట్ 105, హార్డర్ అండ్ స్టీన్‌బెక్ ఎవల్యూషన్ ఈ తరహావి. వారానికోసారి విప్పి కడిగేవాళ్లకు ఇది ఎంతో నిశ్చింత. నాజిల్ పెద్దగా ఉంటుంది కాబట్టి కార్పెట్ మీద పడినా దొరుకుతుంది. పేరులేని చవక బ్రష్‌లో మర రకమే వస్తుంది, దానికి తప్పించుకునే దారి లేదు. కాకపోతే తెలిసి కొనాలి, స్పానర్‌ను రెండు వేళ్ల కొసలతోనే పట్టాలి.

4. ఏ బ్రష్?

మూడు మెట్లుగా చూడండి.

మొదటి మెట్టు, రెండు వేల రూపాయల లోపు దొరికే పేరులేని 0.3 డ్యూయల్ యాక్షన్ బ్రష్. ఇదే బ్రష్ కేక్ అలంకరణకు, నెయిల్ ఆర్ట్‌కు, టాటూలకు అని వేరే వేరే పేర్లతో అమ్ముతారు, కాబట్టి అన్ని పేర్లతోనూ వెతకండి. (ఇంట్లో కేకులు చేసేవాళ్లుంటే వాళ్లతో బ్రష్ మాత్రం పంచుకోవద్దు.) పెట్టెలో మూడు నాజిల్ సెట్లు ఇచ్చే కిట్ దొరికితే అదే మేలు. ఈ ధరలో ఒక బ్రష్‌కు, ఇంకో బ్రష్‌కు పొంతన ఉండదు. ఒకటి అద్భుతంగా ఉంటుంది, అదే పెట్టెలో ఇంకోటి గాలి కారుతుంది. అందుకే వెనక్కి పంపే వీలున్న చోటే కొని, 7వ అడుగులో చెప్పిన పరీక్షలన్నీ గడువులోపే చేయండి. విప్పడం, కడగడం, బిగించడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదు. పాడైనా గుండె ఆగదు.

రెండో మెట్టు, పేరున్న కంపెనీల ప్రాథమిక మోడళ్లు: ఇవాటా నియో సీఎన్, స్పార్మాక్స్ బ్రష్‌లు, హార్డర్ అండ్ స్టీన్‌బెక్ అల్ట్రా, 0.5 నాజిల్‌తో వచ్చే బ్యాడ్జర్ పేట్రియట్ 105. ఎక్కువమందికి అసలైన చవక ఇక్కడే ఉంది. ఎందుకంటే ఐదేళ్ల తర్వాత కూడా సూది, నాజిల్, వాషర్ విడిగా దొరుకుతాయి.

మూడో మెట్టు, ఎక్లిప్స్ హెచ్‌పీ-సీఎస్, జీఎస్ఐ క్రియోస్ ప్రోకాన్ బాయ్ పీఎస్-289, ఎవల్యూషన్. బాగుంటాయి. మొదటి బ్రష్‌గా అవసరం లేదు. కంప్రెసర్ అప్పటికే మంచిది ఉండి, బడ్జెట్ మిగిలితే అప్పుడు చూడండి.

ఏ మెట్టులోనైనా కొనే ముందే ఒక పని చేయండి. ఆ మోడల్ పేరుతో నాజిల్, సూది విడిగా అమ్ముతున్నారా, ఎంతకు, ఎన్నాళ్లలో చేరతాయో చూడండి. విదేశాల నుంచే రావాలంటే రవాణా, సుంకం కలిపి లెక్క వేయండి. నాజిల్ ధర కొత్త బ్రష్ ధరలో సగం అయితే అది చవక బ్రష్ కాదు.

5. కంప్రెసర్: డబ్బు ఇక్కడ పెట్టండి

కావాల్సినవి ఐదు: నూనె అక్కర్లేని పిస్టన్ మోటారు, కనీసం 3 లీటర్ల ట్యాంకు, గేజ్ ఉన్న రెగ్యులేటర్ (పీడనాన్ని తగ్గించి పెంచేది), మాయిశ్చర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టే గిన్నె), తనంతట తానే ఆగి మొదలయ్యే ప్రెషర్ స్విచ్. ఏఎస్-186 నంబరుతో రకరకాల పేర్ల మీద వచ్చే కంప్రెసర్‌లో ఈ ఐదూ ఉంటాయి. ఇది సుమారు 3 బార్ల (1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ) దగ్గర మొదలై 4 బార్ల దగ్గర ఆగుతుంది, నిమిషానికి 20 లీటర్ల పైచిలుకు గాలి ఇస్తుంది. 0.3 బ్రష్‌కు మామూలు పీడనంలో అందులో సగం సరిపోతుంది. కొనేటప్పుడు 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని రాసి ఉందో లేదో చూడండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చే 110 వోల్టుల కంప్రెసర్‌ను నేరుగా మన ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది.

ట్యాంకు ఎందుకు? పిస్టన్ గాలిని దెబ్బలు దెబ్బలుగా తోస్తుంది. ట్యాంకు లేకపోతే ఆ దెబ్బలు నేరుగా బ్రష్ కొసకు చేరి, సన్న గీత చుక్కల వరుసలా విడిపోతుంది. ట్యాంకు ఆ ఊపును మింగేస్తుంది. పైగా మోటారుకు మధ్యమధ్య విశ్రాంతి దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గది వేడికే పిస్టన్ సగం అలసిపోతుంది, అరగంట ఆగకుండా నడిచే చిన్న మోటారు ఎక్కువ కాలం ఉండదు.

నీటి సంగతి మన ప్రాంతంలో ఇంకా ముఖ్యం. గాలిని నొక్కినప్పుడు వేడెక్కుతుంది, ట్యాంకులో, గొట్టంలో చల్లబడుతుంది, అప్పుడు అందులోని తేమ నీరవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్నాల్లో వానాకాలం సాయంత్రం ఒక గంట పనికే ట్రాప్ గిన్నెలో నీళ్లు కనిపిస్తాయి. మూడు జాగ్రత్తలు చాలు. పని అయ్యాక ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ మర విప్పి నీళ్లు వదిలేయాలి, లేకపోతే లోపల తుప్పు పడుతుంది. గొట్టం 3 మీటర్లు ఉంటే గాలికి చల్లబడే వ్యవధి దొరుకుతుంది, అయితే అలా గొట్టంలో కూడిన నీటిని ఆపడానికి బ్రష్ కిందే బిగించే చిన్న రెండో ట్రాప్ కావాలి. అది చవకే, కొనేయండి.

ఇప్పుడు వద్దు అనుకోవాల్సినవి. బ్రష్ కిందే తగిలించే, యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యే చిన్న పంపుల్లో చాలావాటికి పీడనం తగ్గించి పెంచే రెగ్యులేటర్ ఉండదు, చిక్కటి రంగును తోసే శక్తి ఉండదు. సైనికుల బొమ్మలకు సరే, విమానానికి కాదు. కేక్ కిట్లలో వచ్చే మూడు మీటల కంప్రెసర్‌కు గేజ్ ఉండదు, పీడనం ఎంతో ఊహించుకోవాల్సిందే. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో ఇంట్లో చేసుకునేది నిశ్శబ్దంగా నడుస్తుంది కానీ గాలితో పాటు నూనె తుంపర వస్తుంది. నూనె ఫిల్టర్, సేఫ్టీ వాల్వ్ అమర్చడం తెలియనివాళ్లు దాని జోలికి పోకూడదు.

ఇంట్లో ఇప్పటికే కార్పెంటర్లు వాడే 24–25 లీటర్ల పెద్ద కంప్రెసర్ ఉంటే కొత్తది కొనక్కర్లేదు. మోత ఎక్కువ, అపార్ట్‌మెంట్‌లో రాత్రి నడపలేం, అంతే. దానికి 0–4 బార్ల మధ్య సూక్ష్మంగా తిప్పగలిగే రెగ్యులేటర్, ట్రాప్, పావు అంగుళం నుంచి 1/8 అంగుళానికి దించే ఇత్తడి కనెక్టర్ కావాలి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజార్లలో న్యూమాటిక్ సామాను అమ్మే దుకాణాల్లో ఇవి విడివిడిగా అడిగి తెచ్చుకోవచ్చు. పెద్ద ట్యాంకును పగలు నింపి, మోటారు ఆపేసి, రాత్రి చిన్న పని చేసుకునే సౌకర్యం కూడా ఉంది.

6. మరలు కలుస్తాయా?

చాలా బ్రష్‌లకు, కంప్రెసర్లకు ఉండేది 1/8 అంగుళాల బీఎస్‌పీ (గొట్టాల మరలకు ఒక ప్రమాణం) మర. బ్యాడ్జర్, పాశ్చే కంపెనీల మరలు వేరు, వాటికి అడాప్టర్ తప్పనిసరి. బ్రష్ చేతికొచ్చాక గొట్టం ఎక్కకపోతే బలవంతంగా తిప్పకండి, మెత్తటి ఇత్తడి మర పాడైపోతుంది. గొట్టం రెండు చివర్లకూ తెల్లటి టెఫ్లాన్ టేప్ మర తిరిగే దిశలోనే రెండు చుట్లు చుడితే కారడం ఆగుతుంది. బ్రష్ లోపలి చిన్న మరలకు మాత్రం ఆ టేప్ వాడొద్దు. పోగులు ఊడి నాజిల్లోకి పోతాయి.

క్విక్ రిలీజ్ కప్లర్ ఒకటి చేర్చండి. కడగడానికి ప్రతిసారీ గొట్టం మెలితిప్పి విప్పే బాధ తప్పుతుంది.

7. పెట్టె విప్పగానే చేయాల్సిన పరీక్షలు

తెల్ల గుడ్డ పరిచి, దాని మీదే విప్పండి. వరుస ఇది: వెనక హ్యాండిల్, సూదిని పట్టి ఉంచే నట్, తర్వాత సూదిని నిదానంగా వెనక్కి లాగాలి, ఆ తర్వాతే ముందు క్యాప్‌లు, చివరికి నాజిల్. సూది లోపల ఉండగా నాజిల్‌ను తిప్పకూడదు.

సూది: అద్దం ముక్క మీద పెట్టి దొర్లించండి. కొస గుండ్రంగా ఊగితే వంగినట్టే. వేలి గోరు మీద కొసను చాలా తేలిగ్గా ఈడ్చి చూడండి, గీరుకుంటే కొక్కెం పడిందన్నమాట.

నాజిల్: 10 రెట్లు పెద్దది చేసి చూపే లూపుతో (చిన్న భూతద్దం) వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. కంత గుండ్రంగా ఉందా, అంచుకు జుట్టు మందాన చీలిక ఉందా అని. కొత్త చవక బ్రష్‌లలో కూడా లోహపు పొట్టు ఇరుక్కుని ఉంటుంది. కడిగి మళ్లీ చూడండి.

గాలి కారడం: తిరిగి బిగించి 20 పీఎస్‌ఐ పెట్టి, ట్రిగ్గర్ ముట్టకుండా అతుకులన్నిటి మీదా సబ్బు నీళ్లు రాయండి. బుడగలు వచ్చిన చోటు గుర్తు పెట్టుకోండి. ట్రిగ్గర్ ముట్టకపోయినా ముందు నుంచి గాలి వస్తుంటే తప్పు గాలి వాల్వ్‌లో ఉంది. దాన్ని సరిచేసుకుంటూ కూర్చోవద్దు, మార్చి తీసుకోండి.

నాజిల్ సీలు: కప్పులో నీళ్లు పోసి గాలి మాత్రమే నొక్కండి. కప్పులో బుడగలు లేస్తే గాలి నాజిల్ మొదలు నుంచి వెనక్కి దూరుతోంది. మర రకం నాజిల్ అయితే మర మీద చిటికెడు తేనె మైనం రాసి, స్పానర్ కొసలతో బిగిస్తే సాధారణంగా ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే నాజిల్ చీలింది, లేదా అది కూర్చునే గాడి సరిగా కోయలేదు.

ఇక రంగు పరీక్ష. కప్పులో నీళ్లు, రెండు మూడు చుక్కల ఫౌంటెన్ పెన్ సిరా. 15 పీఎస్‌ఐ దగ్గర పెట్టి, కాగితానికి 1–2 సెం.మీ. దూరంలో చుక్కలు, తర్వాత గీతలు. చుక్క గుండ్రంగా ఉండాలి. ఎప్పుడూ ఒకే వైపుకు తోక వస్తే నాజిల్ గానీ సూది గానీ మధ్యలో లేదు. సూదిని విప్పి పావు వంతు తిప్పి బిగించి మళ్లీ వేయండి. తోక దిశ మారితే సూది వంగింది, మారకపోతే నాజిలే వంకర. ఈ ఒక్క పరీక్షతో ఏది మార్చమని అడగాలో తేలిపోతుంది.

ట్రిగ్గర్ పట్టిపట్టి కదిలితే సూది వెనక భాగం మీద ఒక చుక్క గ్లిజరిన్ రాయండి. కుట్టు మిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు రంగు దారిలోకి వెళ్తే మోడల్ మీద రంగు పట్టక చేప కన్నుల్లా గుంటలు పడతాయి.

8. రంగు, పలుచన, పీడనం

సగం వైఫల్యాలు ఇక్కడే. పలుచన చేసిన రంగును కప్పు గోడ మీదికి ఒంపితే జారి, వెనక పలుచని పొర మిగలాలి. గీతలు గీతలుగా దిగితే నీళ్లెక్కువ, అంటుకుని నిలిస్తే చిక్కన.

తమియా అక్రిలిక్‌కు దాని ఎక్స్-20ఏ థిన్నర్‌తో 1:1తో మొదలుపెట్టి, సన్న పనికి 1:2 (ఒక వంతు రంగుకు రెండు వంతుల థిన్నర్) దాకా వెళ్లండి, 15–20 పీఎస్‌ఐ. మిస్టర్ కలర్ లక్కర్‌కు లెవలింగ్ థిన్నర్ ఒకటికి ఒకటి నుంచి ఒకటికి రెండు. ఇంత నున్నగా పరుచుకునే రంగు ఇంకోటి లేదు, వాసన మాత్రం ఘాటు. వాయెహో మోడల్ ఎయిర్ పలుచగానే వస్తుంది, అయినా ఐదు చుక్కల రంగుకు ఒక చుక్క థిన్నర్ వేస్తే మంచిది. ప్రైమర్‌కు, వార్నిష్‌కు 20–25 పీఎస్‌ఐ. సన్న మచ్చలకు బాగా పలుచన చేసి 10–12.

రెండు హెచ్చరికలు. వాయెహో లాంటి నీటి అక్రిలిక్‌లో లక్కర్ థిన్నర్ గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ కలిపితే కప్పులోనే రబ్బరు ముద్దలా పెరుగుతుంది. పెయింట్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ చవకని రంగులో కలపబోకండి. ఘాటు రకాలు పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. లోహపు భాగాలు కడగడానికి మాత్రం అది చక్కగా పనికొస్తుంది.

పీడనాన్ని గేజ్‌లో ఎప్పుడూ ట్రిగ్గర్ నొక్కి, గాలి పారుతుండగానే చదవాలి. నొక్కకముందు 20 చూపించేది నొక్కగానే 15కు దిగవచ్చు. పనిచేసేది ఆ 15.

వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. ఎండాకాలం 40 డిగ్రీల గదిలో అక్రిలిక్ సూది కొస మీదే ఆరిపోతుంది. రిటార్డర్ (రంగు ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) ఒకటి రెండు చుక్కలు కలపండి, లేదా పొద్దున్నే పని పెట్టుకోండి. వానాకాలం లక్కర్ మీద తెల్లటి పొగలాంటి పొర వస్తుంది. థిన్నర్ వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరచడంతో గాలిలో తేమ దాని మీద పట్టేస్తుంది. నిదానంగా ఆరే లెవలింగ్ థిన్నర్ వాడితే తగ్గుతుంది. జోరు వాన రోజున మెరుపు వార్నిష్ వాయిదా వేసుకోవడమే తెలివి.

ఊపిరి సంగతి. ఎన్95 మాస్కు రంగు తుంపరను ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. లక్కర్‌కు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. అక్రిలిక్ అయినా గాలి బయటికి పోయే కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండాలి. వంటింట్లో, దీపం వెలుగుతున్న చోట లక్కర్ స్ప్రే చేయకూడదు.

9. మోడల్ ముట్టే ముందు

ప్లాస్టిక్ స్పూన్లు ఒక కట్ట తెచ్చి ప్రైమర్ వేయండి. వాటి వంపు విమానం మొండేన్ని (ఫ్యూజలాజ్) పోలి ఉంటుంది, పాడైతే పారేయొచ్చు. అలవాటు చేసుకోవాల్సిన వరుస ఒకటే: గాలి మొదలు, చెయ్యి కదలడం మొదలు, తర్వాత రంగు, ముగించేటప్పుడు రంగు ఆపి, ఆ తర్వాతే గాలి. గాలి ముందే వదిలేస్తే కొసన మిగిలిన రంగు తర్వాతి గీతకు చిమ్ముతుంది. చెయ్యి ఆగిన చోట రంగు రాకూడదు, మోడల్ అంచు దాటాకే ఆపాలి.

8–10 సెం.మీ. దూరం నుంచి మొదటి పొర కేవలం మంచులా వేయండి, కింది ప్లాస్టిక్ కనిపించాలి. రెండు నిమిషాలు ఆగి రెండోది. మూడు నాలుగు పలుచని పొరలు ఒక దట్టమైన పొర కన్నా ఎప్పుడూ మేలు, ప్యానెల్ గీతలు పూడిపోవు.

10. కడగడం

రంగు మార్చినప్పుడల్లా: మిగిలింది ఒంపేసి, కప్పు టిష్యూతో తుడిచి, పది చుక్కల క్లీనర్ వేసి తెల్ల టిష్యూ మీద స్ప్రే చేయండి. రంగు కనిపించనంత వరకు మళ్లీ. రెండో సారి ముందు క్యాప్‌ను టిష్యూతో కప్పి ట్రిగ్గర్ మెల్లగా లాగితే గాలి వెనక్కి తిరిగి కప్పులో బుడగలు లేస్తాయి, మూలల్లో దాగిన రంగు వదులుతుంది. సూది కొసను టిష్యూతో నొక్కకుండా చూసుకోండి.

రోజు చివర సూది తీసి, థిన్నర్ తడిపిన గుడ్డతో వెనక నుంచి కొస వైపుకే తుడవండి. నాజిల్ లోపల ఇంటర్‌డెంటల్ బ్రష్ చాలు, గుండు సూది పెడితే కంత పాడవుతుంది. తిరిగి పెట్టేటప్పుడు సూదిని తగిలేదాకా నెట్టి ఆపండి. ఇంకాస్త తోస్తే నాజిల్ మూతి బూరలా విచ్చుకుంటుంది. బ్రష్ మొత్తాన్ని థిన్నర్లో ముంచకండి, రబ్బరు ఓ-రింగులు ఉబ్బుతాయి. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) సీళ్లున్నవాటికి ఆ భయం లేదు, చవక బ్రష్‌లలో మాత్రం రబ్బరే ఎక్కువ. అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్లో నానబెడితే కోటింగ్ లేని చోట ఇత్తడి తింటుంది.

11. తప్పు ఎక్కడుందో కనిపెట్టడం

రంగు మొదట బాగా వచ్చి రెండు నిమిషాలకు ఆగిపోతోందా? కొస మీద ఆరింది. థిన్నర్ తడి బడ్స్‌తో తుడిచి, పలుచన పెంచండి. పీడనం పెంచకండి, ఇంకా తొందరగా ఆరుతుంది.

సాలెగూడు కాళ్లలా రంగు పక్కలకు పాకితే దగ్గరగా ఉన్నారు, లేదా ట్రిగ్గర్ ఎక్కువ లాగారు, లేదా బాగా పలుచన అయింది. ఉపరితలం ఇసుక కాగితంలా గరగరలాడితే అది దానికి వ్యతిరేకం: దూరం ఎక్కువ, చుక్క దారిలోనే ఆరిపోయింది. ఉన్నట్టుండి పెద్ద నీటి చుక్క పడితే ట్రాప్ నిండింది. మోటారు ఆపేసి ట్యాంకు గాలితోనే పనిచేస్తుండగా గీత చుక్కలుగా విడిపోతే ట్యాంకు పీడనం రెగ్యులేటర్ పీడనానికి దగ్గరగా దిగింది, మోటారు వేసి ట్యాంకు నిండే దాకా ఆగండి. గాలి వస్తున్నా రంగు రాకపోతే ముందు సూది నట్ బిగించారో లేదో చూడండి. పది సార్లలో చాలాసార్లు అదే.

కొస కొద్దిగా వంగిన సూదిని పారేయక్కర్లేదు. 2000 నంబరు తడి ఎమరీ కాగితం మీద ఏటవాలుగా పెట్టి, తిప్పుతూ మీ వైపుకు లాగండి. అద్దం మీద దొర్లించి చూసి మళ్లీ లాగండి. నాజిల్ చీలితే మాత్రం బాగుచేయలేరు. అప్పుడు సూది, నాజిల్ రెండూ జతగానే మార్చండి, అరిగిన పాత సూది కొత్త నాజిల్లో సరిగా కూర్చోదు. ఆ జత ఒకటి, ఓ-రింగుల పొట్లం ఒకటి బ్రష్‌తో పాటే ఆర్డర్ చేసి డ్రాయర్లో పెట్టుకోండి. చవక బ్రష్‌ల నంబర్లు ఏడాదికోసారి మారిపోతాయి, కావాల్సినప్పుడు ఆ జత దొరకదు.